మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలా?

"కాలేజీలో మీరేం చెబుతారు?" అని అడిగినవారికి "సోషల్ వర్క్" అని జవాబిస్తే, "ఓహో, సంఘసేవా! దానిక్కూడా డిగ్రీ ఉందా?" అనే మాట 27 సంవత్సరాలు విన్నాను. ఆ మాటకు నొచ్చుకోవడం మా వృత్తిలో ఆనవాయితీ. సేవ వేరు, వృత్తి వేరు అని పెళ్ళిపందిళ్ళలోనూ రైలు పెట్టెల్లోనూ వాదించి గొంతు పోగొట్టుకున్నాను. పదవీ విరమణ చేశాక ఇప్పుడనిపిస్తోంది, అడిగినవారి మీద ఖర్చుపెట్టిన కోపంలో సగమైనా మా మీద మేము పెట్టుకోవలసిందని.

ఎమ్మెస్‌డబ్ల్యూ చదువులో ప్రాణం క్షేత్రకార్యం. వారానికి రెండు రోజులు విద్యార్థి ఏ బస్తీకో, ఆసుపత్రికో, వసతిగృహానికో వెళ్ళాలి. చూసినదీ చేసినదీ రాసి తేవాలి. అధ్యాపకుడు అది చదివి, ఒక్కొక్కరితోనూ కూర్చుని చర్చించాలి. కాగితం మీద ఇంతకన్నా గొప్ప చదువు లేదు. జరిగేదేమిటంటే, ఇరవైమంది రికార్డులు ఒక బల్లమీద గుట్టపడతాయి, అడుగున ఒక సంతకం పడుతుంది. "లక్ష్యం: కుటుంబాలతో సత్సంబంధము ఏర్పరచుకొనుట. ఫలితం: సత్సంబంధము ఏర్పడినది." ఒక్క మధ్యాహ్నంలో సత్సంబంధాలు ఏర్పడే దేశం మనదొక్కటే కాబోలు!

మా ఊరి కాలువగట్టు బస్తీకి మా కళాశాల ఏటేటా విద్యార్థులను పంపేది. ఒక సంవత్సరం కొత్త జట్టు వెంట నేనే వెళ్ళాను. ఇంటి ముందు చేపలు తోముకుంటున్న ఒక పెద్దావిడ, ప్రశ్నావళి తెరిచిన అమ్మాయిని ఎగాదిగా చూసి, నా వైపు తిరిగింది. "మేష్టారూ, పోయినేడు పిల్లలకి చెప్పాను. అంతకుముందేడు వాళ్ళకీ చెప్పాను. మా ఆయన పోయిందీ, పింఛను రానిదీ, పిల్లోడు తాగేదీ. ఈళ్ళకి మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలా?"

ఆ సాయంత్రం కళాశాల బీరువా తెరిచాను. ఆవిడ నాలుగు రికార్డుల్లో కనిపించింది, నాలుగు దస్తూరీలలో. నాలుగింటిలోనూ "వితంతు పింఛను దరఖాస్తునకు సహాయపడుట" అని ప్రణాళిక రాసి ఉంది. నాలుగింటి కిందా నా సంతకమే. నాలుగింటికీ మంచి మార్కులే పడ్డాయి. దరఖాస్తు మాత్రం ఎవరూ పెట్టలేదు. వేసవి రాగానే పరీక్షలు, ఆ తరువాత మరో జట్టు, మరో ప్రశ్నావళి.

ఆ ఏడాది ఆ అమ్మాయి ప్రశ్నావళి మూసేసింది. భర్త మరణం అసలు నమోదే కాలేదనీ, ఏడాది దాటింది కనుక ఆర్డీవో ఉత్తర్వు కావాలనీ తేలింది. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆ కాగితం తెచ్చింది, దరఖాస్తు పెట్టించింది, పింఛను వచ్చింది. రికార్డు పల్చగా ఉందని బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఆమెకు మార్కులు తగ్గించాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. అడ్డు చెప్పలేదు. (ఈ టపా రాయడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో అర్థమయే ఉంటుంది.)

వైద్య విద్యార్థి కూడా రోగి మీదనే నేర్చుకుంటాడు, నిజమే. కానీ డ్యూటీ మారినా కేసు షీటు ఆ మంచం దగ్గరే ఉంటుంది. మా కేసు షీటు విద్యార్థితో పాటు మార్కుల కోసం వెళ్ళిపోతుంది. మేరీ రిచ్‌మండ్ 1917లో కేస్ వర్క్ మీద పుస్తకం రాసింది, దాని పేరు మా పిల్లలందరికీ కంఠస్థం. జేన్ ఆడమ్స్ 1889లో షికాగోలో హల్ హౌస్ తెరిచి, 1935లో కన్నుమూసేవరకూ అక్కడే కాపురముంది. బొంబాయిలో 1936లో పుట్టిన మన దేశపు మొదటి సోషల్ వర్క్ పాఠశాలకు తొలి సంచాలకుడు క్లిఫర్డ్ మాన్షార్ట్. ఆయన అంతకుముందే నాగపాడా బస్తీలో కేంద్రం నడుపుతున్నవాడు. ముందు బస్తీ, తరువాతే బడి. మేము దాన్ని తలకిందులు చేశాము.

"పోస్టులు లేవు, సగంమంది గెస్టు లెక్చరర్లు, ఎవరు చూస్తారండీ" అంటారు సహోద్యోగులు. పోస్టులు లేనిమాట నిజం. పాత రికార్డును కొత్త విద్యార్థి చేతికివ్వడానికి ఏ పోస్టు కావాలి? లాయర్లకు 1961 నాటి చట్టం కింద బార్ కౌన్సిల్ ఉన్నట్టు మనకూ ఒక మండలి కావాలన్న కోరిక ఉంది. రానివ్వండి, సంతోషం. ఆ మండలి వచ్చి మన బీరువా తెరిస్తే ఏం చూపిస్తాం?

2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ చేత సామాజిక తనిఖీ జరగాలన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఆ పని చేసిన పల్లె యువకులలో ఎమ్మెస్‌డబ్ల్యూ ముఖం చూడనివారెందరో. మస్టర్ రోళ్ళు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, తేలిన విషయాన్ని ఆ జనం ముందే పైకి చదివారు. మా రికార్డు ఎన్నడైనా ఎవరిని గురించి రాశామో వారికి చదివి వినిపించామా? గోప్యత అంటారేమో. ఆవిడ కథ ఆవిడకే వినిపిస్తే గోప్యత ఎక్కడ చెడుతుందండీ?

కటువుగా రాశానని పాత మిత్రులు నొచ్చుకుంటారు. నాలుగు సంతకాలూ నావే కనుక ఆ మాత్రం కటువుకు నాకు హక్కుందనుకుంటాను. ఇంకా ఉద్యోగాల్లో ఉన్నవారు నన్ను తిట్టేముందు, కొత్త జట్టును బస్తీకి పంపేముందు, ఒక్కసారి ఆ బీరువా తాళం తీయండి.