దుర్గములోని నిధి

పాత కోట కనబడినంతనే దానిలో నిధి యున్నదనుకొనుట మన ప్రజలలో చిరకాలముగా నున్న నమ్మకము. ఆ నమ్మకముతో గడ్డపారలు పట్టినవారు తెలంగాణములోని కోటలకును, గుడులకును చేసిన చేటు తక్కువది కాదు. దేవరకొండ దుర్గమున నిధి యున్న మాట నిజమే. అది ఎక్కడ నున్నదో తెలియవలెనన్న చరిత్ర చదువవలెను.

ఏడు గుట్టల నడుమ నిలిచిన ఈ దుర్గము 14వ శతాబ్దిలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట తెలుగునేలపై తలయెత్తిన రాజవంశములలో వీరిదొకటి. అనపోతానాయకుడు రాచకొండను, అతని తమ్ముడు మాదానాయకుడు దేవరకొండను ఏలిరి. ఆ యింట కత్తి పట్టిన చేతులే గంటమును పట్టినవి. మాదానాయకుడు రామాయణమునకు ‘రాఘవీయ’మను వ్యాఖ్య రచించెను. అనపోతుని కుమారుడు సర్వజ్ఞ సింగభూపాలుడు ‘రసార్ణవసుధాకర’మను లక్షణగ్రంథమును సంస్కృతమున వెలయించెను. రసచర్చ చేయు పండితులు నేటికిని దానిని విడువరు. ఇంతకు మించిన నిధి యేది?

మన విద్యార్థులు గోలకొండ నెరుగుదురు, హంపి నెరుగుదురు. బడి కిటికీనుండి కనబడు కొండ ఏదని అడిగినచో “గుట్ట” అందురు. దోషము పిల్లలది కాదు. పాఠ్యపుస్తకము రాష్ట్రమునకంతటికి నొక్కటే. ఊరి పాఠమును ఊరి ఉపాధ్యాయుడే చెప్పవలెను.

కోటకు మంచి బాటయు, దీపములును అమర్చినచో యాత్రికులు వత్తురనియు, ఊరు బాగుపడుననియు కొందరందురు. కాదనను. కాని ఊరివారే యెరుగని దానిని పొరుగువాడు వచ్చి యేమి చూచును?

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. మునుగనున్న నాగార్జునకొండ లోయను పురావస్తు శాస్త్రజ్ఞులు 1954 మొదలు 1960 వరకు త్రవ్వి, ముఖ్యములైన కట్టడములను కొండమీదికి చేర్చిరి. నీరు వచ్చునని ముందే తెలిసినది గనుక అంత శ్రమపడిరి. మరపు ముంచునప్పుడు శంకుస్థాపన యుండదు.

కావున ప్రతి పాఠశాలయు ఏటికొక దినమైన పిల్లలను కోటకు కొనిపోవలెను. ద్వారములను, బావులను లెక్కింపించి పటము గీయింపుడు. శాసనములు కనబడినచో సుద్ద రుద్దనీయక ఛాయాచిత్రములు తీయింపుడు. గుట్టలకును, చెలకలకును వృద్ధులు చెప్పు పేర్లు వ్రాయింపుడు. ఆ పుస్తకములను బడిలో భద్రపరచుడు. రేపు గడ్డపారతో వచ్చినవానిని మొదట అడ్డగించువాడు ఆ పటము గీసిన పిల్లవాడే.