పాగా పెట్టమని అడిగేదెవరు?

ప్రార్థన కూడికల్లో "నాకు దర్శనం కలిగింది, మీ ఇంట్లో పాపం ఉంది" అనే మాట మనలో చాలామంది వినే ఉంటాం. బిడ్డకు జ్వరం తగ్గకపోయినా, పెళ్ళై ఐదేళ్ళు దాటినా కడుపు పండకపోయినా ఆ మాట చివరికి వచ్చి పడేది ఇల్లాలి మీదే. దర్శనాలు లేవని నేను అనను. కానీ ఎదుటివాళ్ళ పాపం కళ్ళబడ్డప్పుడు ఏం చేయాలో తెలియాలంటే జెకర్యా గ్రంథం 3వ అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదవమంటాను.

అది క్రీస్తు పూర్వం 519 నాటి సంగతి. బబులోను సైన్యం యెరూషలేము దేవాలయాన్ని కూల్చి అరవై ఏళ్ళు దాటింది. చెరనుంచి తిరిగొచ్చినవాళ్ళు దాన్ని మళ్ళీ కట్టుకుంటున్నారు. గోడలు లేస్తే సరిపోదు కదా, ప్రజల పాపాల కోసం దేవుని ఎదుట నిలబడే ప్రధాన యాజకుడు శుద్ధుడై ఉండాలి. జెకర్యాకు దర్శనంలో ఆ యాజకుడే, యెహోషువే, మురికి బట్టలతో కనబడ్డాడు. అతని కుడిపక్కన సాతాను నిలబడి నేరం మోపబోతున్నాడు.

బట్టలు నిజంగానే మురికివి. అయినా దేవుడు గద్దించింది సాతానునే. యెహోషువను మాత్రం నిప్పుల్లోంచి లాగిన కొరివితో పోల్చాడు. ఆ బట్టలు తీయించి, దోషం తీసేశానని చెప్పి, మంచి బట్టలు కట్టించాడు. ఆ అధ్యాయమంతటిలో యెహోషువ ఒక్క మాట మాట్లాడడు. మాట్లాడింది పక్కనుంచి చూస్తున్న జెకర్యా. తలకు తెల్లని పాగా కూడా పెట్టించమని మనవి చేశాడు.

ఆ పాగా మామూలు గుడ్డ కాదు. దేవునికి ప్రతిష్ఠితమని చెక్కిన బంగారు రేకు కట్టేది ప్రధాన యాజకుడి పాగాకే. అంటే ఒంటిమీది మురికి పోతే చాలదు, పోయిన గౌరవమూ పనీ కూడా తిరిగి ఇమ్మని అడిగాడన్నమాట. దర్శనం చూసినవాడు చేసిన పని అది.

మన ఇళ్ళల్లో ఈ పాగా దగ్గరే ఆగిపోతాం. డబ్బు దొంగిలించిన కొడుకునీ, ఎవరితోనో వెళ్ళిపోయి తిరిగొచ్చిన కూతుర్నీ లోపలికి రానిస్తాం, అన్నం పెడతాం, క్షమించేశాం అంటాం. పండక్కి చుట్టాలు రాగానే పాత సంగతి బయటికి తీస్తాం. చీటీ డబ్బు కట్టి రమ్మని మళ్ళీ ఆ కొడుకు చేతికే ఇవ్వడం, పెళ్ళి పనుల్లో ఆ పిల్లను నలుగురిలో ముందు నిలబెట్టడం... పాగా పెట్టడమంటే నా దృష్టిలో ఇదే.

మరి క్షమించడమంటే కళ్ళు మూసుకోవడమా అని అడగొచ్చు. కానే కాదు. కొత్త బట్టలు కట్టాక దేవదూత యెహోషువకు ఒక షరతు చెప్పాడు: దేవుని మార్గంలో నడుచుకుంటేనే మందిరం మీద అధికారం. మురికి వదలనివాడికి పాగా పెట్టమని జెకర్యా అడగలేదు. తాగొచ్చి కొట్టే మొగుడి దగ్గరికి "క్షమించి సర్దుకో అమ్మా" అని ఆడపిల్లను తిరిగి పంపే పెద్దలకు ఈ అధ్యాయంలో ఆధారం దొరకదు.

ఒకరి తప్పు మనకు తెలిసిందంటే, అది దర్శనంలో తెలిసినా పక్కింటి పిన్ని చెప్పినా, నిలబడడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి నేరం మోపేవాడిది, రెండోది జెకర్యాది. ఈసారి ఎవరైనా మీ ఇంటికొచ్చి మీ పాపం దర్శనంలో చూశామంటే, భయపడకుండా ఒక్కమాట అడగండి: "చూశారు సరే, మా కోసం దేవుణ్ణి ఏం అడిగారు?"