కోర్లు పెరిగాయి సరే.. స్పీడ్ ఏది?

ఫోన్ కొనేటప్పుడు 'ఆక్టా కోర్' అని చూసి మురిసిపోతాం కదా! సర్వర్లు తీసుకునే కంపెనీలదీ అదే వరస. 16 కోర్లు చాలకపోతే 32, అవీ చాలకపోతే 64. క్లౌడ్ బిల్లు మాత్రం ఠంచనుగా పెరుగుతుంది. పని? ఒక్కోసారి ఉన్నచోటే ఉంటుంది.

కోర్ లెక్క చేయాలంటే ముందు అంకెలు మెమరీ నుంచి దాని దగ్గరికి రావాలి. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లు యాభై మంది ఉన్నా, వంటల దగ్గర్నుంచి గంగాళాలు మోసేది ఇద్దరే అయితే మిగతావాళ్లంతా ఖాళీ గరిటెలతో నిలబడాల్సిందే.

ఈ మోత వేగాన్ని కొలవడానికే 'స్ట్రీమ్' అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. 1990ల మొదట్లో జాన్ మెకాల్పిన్ రాశారు. అప్పట్లో ఆయన అమెరికాలోని డెలావేర్ యూనివర్సిటీలో సముద్రాల మీద పరిశోధన చేసేవారు. అందులో ఉన్నవి నాలుగే పనులు: కాపీ, స్కేల్, యాడ్, ట్రయాడ్. ట్రయాడ్ అంటే, ఒక అరేలోని అంకెను స్థిరసంఖ్యతో గుణించి, రెండో అరేలోని అంకెకు కలిపి, మూడోదాంట్లో రాయడం. అంతే!

ఇప్పుడు లెక్క చూడండి. డీడీఆర్4-3200 మెమరీ ఒక్కో చానెల్‌కి సెకనుకు 25.6 జీబీ ఇస్తుంది. 8 చానెళ్లుంటే 204.8. ట్రయాడ్‌లో ఒక్కో అడుగుకి 24 బైట్లు కదలాలి. అంటే సెకనుకు మహా అయితే 850 కోట్ల అడుగులు. మీ ప్రాసెసర్‌కి అంతకు ఎన్నో రెట్లు లెక్కలు చేసే సత్తా ఉన్నా సరే, ఈ గీత దాటదు.

అరేలు చిన్నవైతే మాత్రం టెస్ట్ అబద్ధం చెబుతుంది. డేటా మొత్తం క్యాష్‌లోనే కూర్చుంటుంది, అంకెలు అదిరిపోతాయి. అందుకే ఒక్కో అరే మొత్తం క్యాష్‌కి కనీసం 4 రెట్లు ఉండాలన్నది స్ట్రీమ్ నియమం.

అసలు తిరకాసు రెండు ప్రాసెసర్లున్న మెషీన్లలో. ఎవరి మెమరీ వాళ్లకి పక్కనే ఉంటుంది; అవతలివాళ్లది కావాలంటే మధ్యలో ఉన్న లింక్ దాటి వెళ్లాలి. దీన్నే 'న్యూమా' అంటారు. మెమరీ అడిగిన వెంటనే లైనక్స్ చోటు కేటాయించదు. ఏ కోర్ మొదట ఆ పేజీని ముట్టుకుంటే, మామూలుగా దాని పక్కనున్న మెమరీలోనే పెడుతుంది. మన కోడ్‌లో ఒకే థ్రెడ్ మొత్తం అరేని సున్నాలతో నింపిందనుకోండి, డేటా అంతా ఒకవైపే చేరుతుంది. తర్వాత రెండు వైపుల కోర్లూ అక్కడికే ఎగబడతాయి, రెండోవైపు చానెళ్లు ఖాళీగా ఉంటాయి. (బీటెక్‌లో పేజీ టేబుళ్ల గురించి పేజీలకు పేజీలు రాశాం గానీ, ఈ ముక్క ఎక్కడా తగల్లేదు.) మందు తేలికే: ఏ థ్రెడ్ వాడబోయే భాగాన్ని ఆ థ్రెడ్‌తోనే నింపించడం, థ్రెడ్లు కోర్లు మారకుండా కట్టేయడం.

క్యాష్‌లో పట్టేసే పనులకి ఈ గొడవ లేదు, వాటికి కోర్లు పెంచితే నిజంగానే లాభం. మీది ఏ రకమో తెలియాలంటే మీ సొంత ప్రోగ్రామ్‌నే 1, 2, 4, 8, 16 థ్రెడ్లతో నడిపి చూడండి. పక్కనే స్ట్రీమ్‌నీ అలాగే నడపండి. రెండూ ఒకే చోట ఆగిపోతే, పెద్ద మెషీన్ కోసం మెయిల్ పెట్టే ముందు ఆ రెండు గ్రాఫులూ మేనేజర్‌కి పంపండి.