ప్రళయ ఘడియ – మనిషి చేతి యంత్రము

1979 జూలై 11న స్కైలాబ్ కూలిన నాటి ముచ్చటను తెలంగాణ పల్లెలలో పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. లోకము ముగిసిపోతున్నదని మేకలను, కోళ్లను కోసుకు తిన్నవారు, పశువులను అగ్గువకు తెగనమ్మినవారు ఉన్నారట. ఆ భీతిపై 2021లో ఒక తెలుగు చలనచిత్రము కూడా వచ్చింది. మనము విని నవ్వుకుంటాము. కాని నవ్వవలసినది ఆ పల్లె ప్రజలను చూసి కాదని నా అభిప్రాయము.

1973 మే నెలలో అంతరిక్షమునకు పంపిన ఆ ప్రయోగశాల బరువు 70 టన్నులకు పైమాటే. సూర్యుని ఉద్ధృతి అంచనాకు మించి పెరిగి, పై వాతావరణము వ్యాకోచించగా, ఆ రాపిడికి దాని కక్ష్య దిగజారింది. దానిని పైకి నెట్టగలదని తలచిన స్పేస్ షటిల్ అప్పటికి సిద్ధము కాలేదు. చివరకు శకలాలు హిందూ మహాసముద్రములోను, పడమటి ఆస్ట్రేలియాలోను రాలాయి. ఎవరికీ ప్రాణాపాయము కలుగలేదు. ఎక్కడ పడునో పంపినవారే కచ్చితముగా చెప్పలేనప్పుడు, పల్లెటూరి రైతు భయపడుటలో అంత అజ్ఞానమేమున్నది?

అయితే ఆ భయానికి ఖియామత్ అనో, కలియుగాంతము అనో పేరు పెట్టుట నాకు సమ్మతము కాదు. ప్రళయ ఘడియ దైవానికొక్కనికే ఎరుక అని ఖురాన్ బోధ. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై పడిన బాంబు ఏ దేవదూత బూర ఊదగా పడినది కాదు; మనుషులు లెక్కలు కట్టి, ఉత్తర్వులు వ్రాసి వేసినది. అంతా నొసటి వ్రాతే అని మనము ఊరకుంటే, ఆ ఉత్తర్వులు వ్రాసినవారికి ఎంత సుఖము!

విద్యార్థి మిత్రులారా, 1983 సెప్టెంబరు 26 సంగతి చూడండి. అమెరికా నుండి క్షిపణులు బయలుదేరినవని సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ హెచ్చరించింది. మేఘాలపై మెరసిన సూర్యకాంతిని అది క్షిపణులుగా భ్రమించింది. విధిలో ఉన్న స్తానిస్లావ్ పెత్రోవ్ అనే అధికారి, యుద్ధమునకు దిగేవారు అయిదే క్షిపణులతో ఆరంభిస్తారా అని ఆలోచించి, అది తప్పుడు సంకేతమని పైవారికి తెలిపాడు. యంత్రము పలికినదే వేదవాక్కు అనుకుని ఉంటే? నేడు ఆయుధాల నిర్ణయాన్ని కృత్రిమ మేధకు విడిచిపెట్టవచ్చునన్న మాటలు వినబడినప్పుడెల్లా, ఆ రాత్రి ఆ కుర్చీలో ఒక మనిషి ఉన్నాడన్నదే నాకు గుర్తుకు వస్తుంది.

ప్రళయము ముంచుకువచ్చినా, చేతిలో మొక్క ఉన్నవాడు వీలుంటే దానిని నాటవలసినదేనని హదీసులలో ఉన్నది. ప్రళయ చిహ్నాల జాబితాలు విన్నంత తరచుగా ఈ మాట మన ప్రసంగాలలో వినబడదు, ఎందుకో!

వచ్చే ఏడాది సైన్సు సంఘము, ఉర్దూ, తెలుగు సాహిత్య సంఘాలు కలిసి ఈ విషయముపై రెండు భాషలలోను చర్చ జరుపుటకు కళాశాల కార్యవర్గము అనుమతించాలని నా మనవి. దానిని పెత్రోవ్ కథతోనే ప్రారంభించవచ్చును.