మర్జీ అల్లాహ్‌దే, జిమ్మేదారీ మనది

ఎక్కడ హాదసా జరిగినా మన ఇళ్లలో మొదట వినిపించే మాట "అల్లాహ్ కీ మర్జీ". మౌత్ మన చేతిలో లేదన్నది మన ఈమాన్. కానీ రోడ్డు మీద గుంత, లైటు లేని మలుపు ఎవరి గఫ్లత్? ముందు ఒంటెను కట్టు, తర్వాత తవక్కుల్ చెయ్యి అని మనకు నేర్పారు. దారిలో నొప్పించేదాన్ని తొలగించడం కూడా ఈమాన్‌లో ఒక భాగమేనని ప్రవక్త (స) చెప్పారు.

నేను భైంసాలో ఖబర్లు రాసేవాణ్ని. మా ఊరి మీదుగా 61వ నంబరు జాతీయ రహదారి నిర్మల్ నుంచి మహారాష్ట్రకు పోతుంది. పత్తి సీజన్ వచ్చిందంటే లారీలు, వెనక లైటు లేని ట్రాక్టర్లు, పిల్లల్ని ఎక్కించుకున్న బైకులు అన్నీ ఒకే రోడ్డు మీద. హాదసా జరిగితే కేసులో ముల్జిమ్ ఎప్పుడూ డ్రైవరే. రోడ్డు మీద ఎవరూ కేసు రాయరు.

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. పరిమితికి మించి జనం ఎక్కిన బస్సు అది. డ్రైవరూ పోయాడు. మరి జవాబు ఎవరు చెప్పాలి?

2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ చేర్చారు. రోడ్డు ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే కాంట్రాక్టరుకో, అధికారులకో జుర్మానా లక్ష రూపాయల దాకా. అది కూడా జనాజా లేచిన తర్వాత!

జనాజా లేవకముందే పనిచేసే ఖానూన్ కావాలి. కేరళ 2007లోనే రోడ్ సేఫ్టీ అథారిటీ చట్టం చేసి, దానికి విడిగా ఫండ్ పెట్టింది. మన శాసనసభ కూడా అలాంటిది చేయాలి. అందులో మూడు మాటలు తప్పకుండా ఉండాలి. ప్రతి జిల్లాలో ఖతర్నాక్ మలుపుల జాబితా ఏటా జనం ముందు పెట్టాలి. వాటిని బాగుచేసే గడువు, జిమ్మేదార్ అధికారి పేరు రాసి ఉండాలి. చలాన్ల పైసల్లో ఒక హిస్సా ఆ జిల్లా రోడ్లకే రావాలి. జాతీయ రహదారి కేంద్రానిది కదా అని హుకూమత్ తప్పించుకోకూడదు. లైసెన్సు, ఫిట్‌నెస్, ఓవర్‌లోడ్ తనిఖీ చేసేది రాష్ట్ర అధికారులే.

ఓటు అడగడానికి వచ్చినవాళ్లను మనం షాదీఖానా అడుగుతాం, ఖబ్రస్తాన్‌కు ప్రహరీ గోడ అడుగుతాం. అడగండి, అది మన హక్. దాంతోపాటు మన పిల్లల్ని వేళకు ముందే ఆ ఖబ్రస్తాన్‌కు పంపని రోడ్డు కూడా అడగండి.