పాత బిళ్ళను పట్టించుకునేదెవరు?

తలనొప్పికి చిల్లరకొట్టులో కొనుక్కునే ఆస్పిరిన్ కాన్సరు మీద పనిచేస్తుందా? చేస్తుందని స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఫిన్లండ్ డాక్టర్లు 2025లో తేల్చారు. పెద్దపేగు కాన్సరు ఆపరేషన్ అయ్యాక రోజుకు 160 మిల్లీగ్రాములు, మూడేళ్ళపాటు. ఉత్తుత్తి బిళ్ళ మింగినవారితో పోలిస్తే జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. అందరికీ కాదు సుమా! కణితిలో ఫలానా జన్యుమార్పు ఉన్నవారికే. అలాంటివారు మూడింట ఒకవంతు పైనే ఉన్నారు. ఊరికే మింగితే రక్తస్రావం ముప్పు.

పేటెంటు లేని మందు మీద కంపెనీవాడికేం లాభం? మరి ప్రయోగాలకు డబ్బెవడు పెడతాడు? సర్కారే పెట్టాలి. ఇంకో చిక్కుంది: బిళ్ళ రూపాయో రెండో, జన్యుపరీక్షకు మాత్రం వేలు! బీదరోగి ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఆ పరీక్ష మన పెద్దాసుపత్రుల్లో ఉచితంగా చెయ్యమని విద్యార్థి సంఘాలు ఎందుకు అడగకూడదు?