పేస్‌మేకర్ పనిచేస్తోంది సరే, తీగ ఎక్కడుంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పెద్దవాళ్ళకి పేస్‌మేకర్ వెయ్యాలంటే చాలామంది బెంగుళూరు జయదేవకో, తిరుపతి స్విమ్స్‌కో, రాయవేలూరు సీఎంసీకో పోతారు. కొన్నాళ్ళకి ఊరికొచ్చేస్తారు. ఆ తర్వాత జ్వరానికైనా ఆయాసానికైనా చూసేది ఊళ్ళో డాక్టరే. కాబట్టి ఫైల్లో ఏముందో ఇంట్లోవాళ్ళు తెలుసుకోవాలంటాను.

మామూలు పేస్‌మేకర్‌కి భుజం దగ్గరి సిర గుండా తీగ పంపి గుండె కుడి కింది గదిలో కూర్చోబెడతారు. అరుదుగా అది దారి తప్పుతుంది. పై గదుల మధ్య గోడలో పుట్టుకతో మూసుకోని సందు ఉంటే (దాదాపు నలుగురిలో ఒకరికి ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలీదు) అందులోంచి ఎడమవైపు దూరిపోతుంది. సిర అనుకుని పక్కనున్న ధమనిలో సూది గుచ్చినా అదే గతి.

చిక్కేమిటంటే, ఎడమ గదిలో కూర్చున్నా అది భేషుగ్గా పనిచేస్తుంది! మెషీన్‌లో అంకెలన్నీ బాగుంటాయి. మన భాషలో చెప్పాలంటే టెస్టులన్నీ పాస్, డేటా మాత్రం వేరే డేటాబేస్‌లోకి పోతోంది. ఆ తీగమీద రక్తం గడ్డకట్టి ఊడితే నేరుగా మెదడుకి పోవచ్చు. అంటే పక్షవాతం.

ఎదురుగా తీసిన ఎక్స్‌రే చూసి మోసపోవచ్చు. పక్కనుంచి తీస్తే, సరైన తీగ రొమ్ము ఎముక వైపు, దారితప్పింది వెన్నెముక వైపు కనబడుతుంది. అసలు ఆపరేషన్లోనే తీగని ముందు ఊపిరితిత్తుల ధమనిలోకి పంపి వెనక్కి లాగితే కుడి గదిలోంచే వెళ్ళిందని తేలిపోతుంది. తర్వాత పన్నెండు లీడ్ల ఈసీజీ. కుడి గదిలో ఉంటే వీ1లో పేస్‌మేకర్ కొట్టించిన బీటు సాధారణంగా కిందికి దిగుతుంది. పైకి లేస్తే అనుమానించాలి. లేచిన ప్రతిదీ తప్పని కాదు, ఎకో తీస్తే సంగతి బయటపడుతుంది. (గుండె బలహీనపడినవాళ్ళకి వేసే మూడు తీగల పేస్‌మేకర్లో ఒకటి ఎడమ గది కోసం కావాలనే పెడతారు, ఆ లెక్క వేరు.)

ఈసీజీ, పక్క ఎక్స్‌రే మదనపల్లెలోనే అయిపోయే పనులు. అయినా డిశ్చార్జి రోజున బిల్లు మూడుసార్లు సరిచూసుకునే మనం వీటి గురించి అడగం, డాక్టరుగారు ఏమనుకుంటారో అని. ప్రొడక్షన్‌కి పంపేముందు మన కోడు ఇంకొకరు రివ్యూ చేస్తే మనకేమైనా అవమానమా?

తొందరగా బయటపడితే తీగ మార్చడం కాస్త తేలిక. ఏళ్ళు గడిచాక లాగబోతే గడ్డ ఊడే ప్రమాదం. అందుకని చాలామందికి తీగ అలాగే వదిలేసి, జీవితాంతం రక్తం పలచబడే మందులిస్తారు. వార్ఫరిన్ అయితే మాటిమాటికీ రక్తపరీక్ష కూడాను.